అంచు నాన్నది, రంగు నాది: ఒక ఫైనలియర్ విద్యార్థి పాత బొమ్మలతో నాలుగు నెలలు

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చెప్పడం మొదలుపెట్టి నాకు పంతొమ్మిదేళ్లయింది. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగో సంవత్సరం పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూస్తాను. ఆ పైన ఎంఎఫ్ఏ పీజీ ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు పదిహేనో ఇరవయ్యో బొమ్మలు ఏరుకోవాలి, తమ పని గురించి ఒక పేజీ రాసుకోవాలి. బొమ్మలు ఏరడం ఎలాగో అయిపోతుంది. ఆ ఒక్క పేజీ దగ్గర టెన్షన్ మొదలవుతుంది. నాలుగేళ్లు రాత్రింబవళ్లు బొమ్మలు వేసిన పిల్లలు 'ఇందులో నీది ఏది?' అనే ప్రశ్నకి నోరు తెరవలేక నిలబడిపోతారు.

ఇక్కడ రాస్తున్నది అలా నిలబడిపోయిన ఒక అబ్బాయి గురించి. ఇది అతను చదివి, సరేనన్నాకే బయటపెడుతున్నాను. అతని పేరు, ఊరు చెప్పను. వరంగల్ వైపు ఒక చిన్న పట్టణం అనుకుంటే చాలు. నేను చేసిన తప్పు కూడా ఇందులో ఉంది. అది తీసేసి రాస్తే ఈ కేసు అర్థం కాదు.

మొదట తెచ్చిన పద్ధెనిమిది

జనవరి మొదటి వారంలో అతను పద్ధెనిమిది బొమ్మలు తెచ్చి గోడకి ఆనించాడు. అందులో పదకొండు తెలంగాణ ఆడవాళ్లవి. పెద్ద బొట్టు, నిండైన జడ, ముక్కుపుడక, దట్టమైన అంచు చీర. ఎవరు చూసినా ముందు చిత్రకారుడు తోట వైకుంఠం పేరే చెప్తారు. ఇంకో నాలుగు పెన్నుతో సన్నగా గీసిన పల్లె బొమ్మలు. మేకలు, చెట్లు, రైతులు. అవి ఇంకో చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ నీడలో నిలబడ్డవి. మిగతా మూడు ఎదుటి మనిషిని చూసి బొగ్గుతో వేసిన లైఫ్ స్టడీలు.

పెద్దవాళ్ల బొమ్మలు చూసి వేయడం తప్పని నేను ఎప్పుడూ అనను. మా దగ్గర చదివే ప్రతివాళ్లూ ఆ గుమ్మం దాటే వస్తారు. కానీ ఆ ఇద్దరి సంగతి చూడండి. వైకుంఠం గారు కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, తర్వాత బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. లక్ష్మాగౌడ్ గారిది మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్. ఆయన కూడా బరోడా వెళ్లారు, ప్రింట్‌మేకింగ్, అంటే పలక మీద గీసి అచ్చు తీసే కళ, పట్టుకుని తిరిగొచ్చారు. ఇద్దరూ ఎక్కడో నేర్చుకున్న చేతితో, తాము పుట్టి పెరిగిన ఊరి మనుషుల్నే వేశారు. ఆ చీర, ఆ మేక, ఆ చెట్టు వాళ్ల కళ్లెదుట ఉన్నవి.

ఈ అబ్బాయి రాసుకొచ్చిన పేజీలో మొదటి వాక్యం 'నా మూలాలు పల్లెలో ఉన్నాయి' అని ఉంది. అతను పెరిగిందేమో బస్టాండ్ వెనక సందులో.

"మీ అమ్మ ఇలాంటి చీరలు కడుతుందా?" అని అడిగాను.

"లేదు సార్. పూల పూల సింథటిక్ చీరలు కడుతుంది."

"మరి ఈమె ఎవరు?"

అతను చాలాసేపు బొమ్మ వంకే చూశాడు. "తెలియదు సార్" అన్నాడు. నాలుగేళ్లలో అతను నాకు చెప్పిన అతి నిజమైన మాట అదే అనిపించింది. అక్కడి నుంచి పని మొదలైంది.

నేల మీద పరిచాం

పోర్ట్‌ఫోలియో కుదరనివాళ్లందరితో నేను చేయించే పని ఒకటుంది. దాచుకున్నవి, పడేద్దామనుకున్నవి, స్కెచ్ పుస్తకాలు, చిరిగిపోయినవి, అన్నీ తెమ్మంటాను. ఆదివారం స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు తేదీల వరసలో నేల మీద పరుస్తాం. మొదటి గంట బాగుందనీ బాగాలేదనీ ఇద్దరం అనకూడదు. మళ్లీ మళ్లీ కనపడుతున్నది ఏదో అదొక్కటే చెప్పుకోవాలి. రంగు కావచ్చు, గీత వాలు కావచ్చు, కాగితంలో ఏ మూల ఖాళీ వదులుతున్నారన్నది కావచ్చు. విషయం గురించి మాట్లాడం. చేయి ఏం చేస్తోందో చూస్తాం.

నూట అరవై పైచిలుకు బొమ్మలు తెచ్చాడు. ఒక గోనెసంచిలో, రెండు ప్లాస్టిక్ గొట్టాల్లో. గోనెసంచి అడుగున న్యూస్‌పేపర్లో చుట్టిన ఒక రేకు ముక్క ఉంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టిన రేకు. దాని మీద పసుపు ఎనామిల్‌తో రాసిన సగం నంబరు ప్లేటు. "ఇదేంటి?" అన్నాను. అది పొరపాటున వచ్చిందన్నాడు. మొహం ఎర్రబడింది.

వాళ్ల నాన్న బోర్డులు రాసే పెయింటర్. ఈ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. తండ్రి వృత్తి అడిగినచోట 'ప్రైవేటు పని' అని రాశాడు. క్లాసులో ఎవరికీ చెప్పలేదు.

ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలు చాలామంది చూసి ఉండరు. షాపు బోర్డుకి రేకు తెచ్చి, ప్రైమర్ కొట్టి, ఆరాక వెనకంతా నేల రంగు వేస్తారు. సుద్దపొడి రాసిన దారం రెండు చివరలా పట్టుకుని లాగి వదిలితే తిన్నటి గీత పడుతుంది. ఇంగ్లీషు బోర్డుకి పైనొకటి కిందొకటి గీతలు చాలు. తెలుగుకి చాలవు. పైన గుడులూ దీర్ఘాలూ, కింద ఒత్తులూ ఉంటాయి కాబట్టి ముందే చోటు వదలాలి. 'ఎలక్ట్రికల్స్' అన్న మాటలో కింద వేలాడే ఒత్తుల్ని లెక్కపెట్టకుండా మొదలుపెట్టిన కొత్తవాడు ఫోన్ నంబరుకి చోటు లేక ఇరుక్కుంటాడు. తర్వాత అంచు కొడతారు. ఆ తర్వాత లోపల నింపుతారు. చివర షేడ్.

ఫ్లెక్సులు వచ్చాక ఈ పనంతా పోయింది. రెండు రోజుల బోర్డు గంటలో మిషన్లోంచి బయటికొస్తుంది. హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్లు వచ్చాక ఆ చిన్న పనీ తగ్గింది. ఇప్పుడు వాళ్ల నాన్న ఇళ్లకి రంగులు వేస్తున్నాడు. అప్పుడప్పుడూ బడి గోడల మీద రాస్తాడు.

చేయి చెప్పిన సంగతి

రేకు ముక్కని కూడా వరసలో పెట్టమన్నాను. మోకాళ్ల మీద వంగి బొమ్మ నుంచి బొమ్మకి జరుగుతూ చూశాం. దాదాపు రెండు గంటలయ్యాక నాకు ఒకటి కనపడింది. నేను చెప్పలేదు, అతనికీ కనపడేదాకా ఆగాను.

ఏ బొమ్మలో చూసినా గీత భయపడుతోంది. ముఖం అంచు మూడుసార్లు గీసి, రెండుసార్లు చెరిపి, మళ్లీ గీసినట్టుంది. భుజం దగ్గర గీత వణికింది. అదే గీత లోపల రంగు మాత్రం ఎక్కడా తడబడలేదు. ఒక బొమ్మని దగ్గరగా చెప్తాను. రెండో సంవత్సరంలో వేసిన, కూర్చున్న స్త్రీ. పెన్సిల్ అంచు కాగితం నలిగేంతగా దిద్దాడు. చీర ఎరుపు మాత్రం ఒక్క ఊపులో వచ్చింది. బ్రష్షు అంచుకి వెంట్రుకవాసి లోపల దిగి, అక్కడి నుంచి అంచుని ఆనుకుంటూ కిందికి జారి, మూల దగ్గర ఒక చిన్న మలుపుతో పైకి లేచింది. ఆ మలుపు దగ్గర రంగు కాస్త దట్టంగా ఆగింది. అలాంటి మలుపు జాకెట్ చేతి దగ్గర ఉంది, బొట్టులో ఉంది, మొదటి సంవత్సరం స్టిల్ లైఫ్‌లో కుండ మూతి దగ్గర ఉంది. నంబరు ప్లేటు మీది 7 చివర కూడా ఉంది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావ్?"

కాసేపు ఆలోచించి చెప్పాడు. "నాన్న అంచు కొట్టుకుంట ముందుకు పోతడు సార్. నేను ఎనక నింపుకుంట వస్తా. అంచు దాటితే కిరసనాయిలు గుడ్డతోని తుడవాలె. అందుకే జర లోపల దింపి, తర్వాత అంచుకు తెస్తా."

తొమ్మిదేళ్ల వయసు నుంచి ఇంటర్ దాకా, ప్రతి ఎండాకాలం సెలవుల్లో అతని పని అది. ఒకరు అంచు గీస్తారు, తను లోపల నింపుతాడు. కాలేజీకి వచ్చాక కూడా అదే చేశాడు. ఈసారి అంచు వైకుంఠం గారిది, లక్ష్మాగౌడ్ గారిది, ఒక్కోసారి పక్క టేబుల్ దగ్గరి సీనియర్‌ది. ఆ స్త్రీ ఎవరంటే తెలియదన్నాడు కదా. ఆమె అంచు అతనిది కాదు. ఆ ఎరుపు అతనిదే.

నా తప్పు

ఆ రోజు సాయంత్రం బొమ్మలు తీసి కట్ట కడుతుంటే మొదటి సంవత్సరం షీటొకటి తిరగబడింది. పోస్టర్ కలర్‌తో వేసిన టూ డీ డిజైన్. బల్లపరుపు రంగులు, ఎక్కడా మచ్చ లేదు. వెనకాల ఎర్ర ఇంకుతో ఇలా ఉంది: 'శుభ్రంగా ఉంది, కానీ ప్రాణం లేదు. సైన్‌బోర్డు పెయింటర్ పనిలా ఉంది. షేడింగ్ మీద దృష్టి పెట్టు.'

అది నా చేతిరాత.

నాకు అది రాసిన గుర్తు కూడా లేదు. ఏడాదికి వందల షీట్లు చూస్తాం, వెనకాల రెండు ముక్కలు రాసి పక్కన పెడతాం. తేదీల వరస మళ్లీ చూసుకున్నాను. ఆ షీటు తర్వాత ఎనిమిది నెలలు అతను బల్లపరుపు రంగు ముట్టుకోలేదు. అంతా బొగ్గే, అంతా షేడింగే. తిరిగి రంగు పట్టింది రెండో సంవత్సరంలో, వైకుంఠం గారి చీరల రూపంలో. అక్కడ పెద్ద పేరున్న కళాకారుడి బొమ్మలో బల్లపరుపు రంగు ఉంది కాబట్టి అది వేయడానికి అతనికి అనుమతి దొరికినట్టయింది. వాళ్ల నాన్న పనిని నేను తిట్టుగా వాడాను. ఆ మాట చదివాకే తండ్రి వృత్తి దాచడం మొదలుపెట్టాడా అని అడిగాను. ముందు నుంచీ దాచాను సార్ అన్నాడు. నన్ను బాధపెట్టకూడదని అలా చెప్పాడో ఏమో. నేను క్షమాపణ చెప్పాను. అతను తల వంచుకుని సంచి మూతి కట్టుకుంటూ ఉన్నాడు.

అక్షరాల దారి, అదీ తప్పే

తప్పు దిద్దుకోవాలనే తొందరలో రెండో పొరపాటు చేశాను. వారం తర్వాత పిలిచి, నీ చేతిలో ఉన్నది ఇదీ అని పూర్తిగా విడమరిచి చెప్పేశాను. అంత పెద్ద చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ మొదట్లో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసే బతికాడన్నాను. బాపు అక్షరం సంగతి చెప్పాను. బొమ్మ లేకపోయినా, ఆ రాత చూసి ఇది బాపు అని తెలుగు ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పేవారు, మరి అక్షరం బొమ్మ కాదా అన్నాను. అతను అన్నీ విని, "హుస్సేన్‌వి సినిమా హోర్డింగులు సార్. మా నాన్నవి ఎరువుల షాపు బోర్డులు" అన్నాడు. అయినా వెళ్లి వారంలో ఆరు కాన్వాసులు వేసుకొచ్చాడు. నిలువెత్తు 'అ', 'క', 'ఱ'. వెనకాల రంగు కారుతూ, పక్కన పాత బోర్డు మరకలు. తోటి పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. చూడగానే బాగున్నాయి.

నాకు మాత్రం గుండె జారింది. కొలతలన్నీ వాళ్ల నాన్నవే, ఎరుపు పసుపు జోడీ కూడా నాన్నదే. ముందు పెన్సిల్‌తో అంచు గీసి, తర్వాత నింపాడు. పైగా ఆ బొమ్మలు వేయమన్నది ఒక రకంగా నేనే. ఈసారి అంచు గీసిచ్చింది నేను. వైకుంఠం గారి స్త్రీ పోయి, మాస్టారి ఆలోచన వచ్చి కూర్చుంది.

ఆ మాట చెప్తే అతనికి కోపం వచ్చింది. "మీరే చెప్పిన్రు కదా సార్" అన్నాడు. న్యాయమైన కోపం. రెండు వారాలు కాలేజీకి రాలేదు. ఆ రోజుల్లో నేను సరిగా నిద్రపోలేదు.

ఇలాంటి పని చేయించే తోటి ఉపాధ్యాయులకి ఇక్కడ ఒక్కటి చెప్తాను. నేల మీద పరిచాక మనకి ముందు కనపడుతుంది. పేరు పెట్టాలని నాలుక దురద పెడుతుంది. ఆగండి. నేను ఇప్పుడు ఆగుతున్నాను. తర్వాత బ్యాచ్‌లో ఒక అమ్మాయి గీతలన్నీ చుక్కల చుట్టూ తిరగడం గమనించాను. ఆ అమ్మాయి తనే వచ్చి ముగ్గుల ప్రస్తావన తెచ్చేదాకా మూడు వారాలు నోరెత్తలేదు.

బస్టాండ్ గోడ

అతను ఊరికి వెళ్లాడు. అక్కడ బస్టాండ్ ఎదుట మూతపడ్డ రైస్ మిల్లు గోడ ఉంది. దాని మీద వాళ్ల నాన్న పన్నెండేళ్ల కిందట ఒక సిమెంటు ప్రకటన రాశాడు, ఎనామిల్ రంగుతో. లోపల నింపింది ఈ పిల్లాడే. ఆ తర్వాత ఎన్నికలకి ఎవరో దాని మీద సున్నం కొట్టి నినాదాలు రాశారు. ఎనామిల్ మీద సున్నం పట్టదు. నాలుగు వానలకి పెచ్చులుగా రాలిపోతుంది. మళ్లీ ఎన్నికలు, మళ్లీ సున్నం, మళ్లీ రాలడం.

ఫోన్లో ఫోటో పంపాడు, కింద ఏమీ రాయలేదు. సున్నం పెచ్చుల మధ్య నీలం అక్షరాలు. వేళ్లతో పెద్దది చేసి చూశాను. అక్షరాలకి అంచు లేదు. అంచు పలచగా ఒక్క కోటు. లోపల రెండు కోట్లు. ఇన్నేళ్ల ఎండకీ వానకీ అంచు రాలిపోయి, నింపిన రంగు మిగిలింది. కొన్ని చోట్ల బ్రష్షు దిగిన తీరు కూడా తెలుస్తోంది. 'ట' లోపలి వంపులో ఆ మలుపు, దట్టంగా ఆగిన చుక్క. పదేళ్ల పిల్లవాడి చేయి.

ఈసారి నేను జవాబు రాయలేదు. మర్నాడు మాట్లాడినప్పుడు కూడా ఎప్పుడొస్తున్నావు అని మాత్రమే అడిగాను.

తిరిగొచ్చేటప్పుడు రేకులు తెచ్చుకున్నాడు. రెండడుగులు వెడల్పు, మూడడుగులు ఎత్తు. మార్చి అంతా స్టూడియోలో టర్పెంటైన్ వాసన. పక్కవాళ్లు గొడవ చేస్తే వరండాలోకి మారాడు. ఎనామిల్ ఆరడానికి ఒక రాత్రి పడుతుంది, ఈలోగా దుమ్ము అంటుకుంటుంది. అందుకని రేకుల్ని ముఖం గోడ వైపు తిప్పి, కొంచెం వాలుగా నిలబెట్టేవాడు. ఈ ఉపాయం మాకెవరికీ తెలియదు, నాన్న దగ్గర చూసింది.

తనకు తనే ఒక నియమం పెట్టుకున్నాడు. పెన్సిల్ పట్టకూడదు. సుద్ద దారం కూడా వద్దు. ఆకారం మధ్యలో ఎక్కడో బ్రష్షు దింపి, లోపలి నుంచి బయటికి నింపుకుంటూ పోవాలి. చేయి ఎక్కడ ఆగితే అదే అంచు. మొదటి మూడు రేకులు చెడిపోయాయి. ఏది ఎంత పెద్దదవుతుందో అంచనా దొరకలేదు. నాలుగోదానిలో నిచ్చెన వచ్చింది. గోల్డెన్ ఎల్లో నేల, మధ్యలో ముదురు ఆకుపచ్చ నిచ్చెన. మెట్లు సమానంగా లేవు, కిందివి లావు, పైవి సన్నం. ఒక్కో మెట్టు మధ్యలో మొదలై రెండు వైపులా పాకిందని రంగు మందం చూస్తే తెలుస్తుంది. నిలువు కర్రకి తగిలే చోట ఆ మలుపు. ఆ రేకు ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎక్కడో చూసినట్టు ఉందన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

తర్వాత మూసిన షట్టరు, రంగు డబ్బాలు, తీగ మీద ఆరేసిన వాళ్లమ్మ పూల చీర. మొత్తం తొమ్మిది రేకులు నిలిచాయి.

ఏరుకున్నవి

చివరికి పదహారు పెట్టాడు. ఏడు రేకులు, గోడ ఫోటోలు మూడు, మొదటి సంవత్సరం షీట్లు నాలుగు, పెద్ద బొట్టు స్త్రీలు రెండు. ఆ స్త్రీలని తీసేస్తాడనుకున్నాను. "అవి కూడా నేను నింపినయే కదా సార్" అన్నాడు. నా ఎర్ర ఇంకు ఉన్న షీటు కూడా ఆ నాలుగింట్లో ఉంది. వెనకవైపు అలాగే ఉంచాడు.

రాసుకోవాల్సిన పేజీ తెలుగులో రాశాడు, స్నేహితుడొకడు ఇంగ్లీషు చేసిపెట్టాడు. మొదటి వాక్యం: 'తొమ్మిదేళ్ల వయసు నుంచి నేను మా నాన్న గీసిన అక్షరాల్లో రంగు నింపాను.' మూలాలు అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు.

ఏప్రిల్‌లో జరిగిన డిస్‌ప్లేకి వాళ్ల నాన్న వచ్చారు. ఇస్త్రీ చొక్కా, గోళ్ల సందుల్లో తెల్ల రంగు. రేకుల అంచుల్ని వేలితో తడిమి, "ప్రైమర్ ఒక్క కోటే ఏసినవా? వానాకాలం తుప్పు పడ్తది" అన్నారు కొడుకుతో. వేసవి సెలవుల్లో రెండో కోటు ఎలా వేయాలా అని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాతో నమస్కారం తప్ప ఏమీ మాట్లాడలేదు.

రెండు చోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు. ఒకచోట తీసుకోలేదు. మనిషి బొమ్మ ఒక్కటి కూడా కొత్త పనిలో లేదేమని అడిగారట, జవాబు చెప్పలేకపోయాడు. ఇంకోచోట సీటు వచ్చింది.

ఆ మొదటి చోటి ప్రశ్న సరైన ప్రశ్నే. మనిషి దగ్గరికి వచ్చేసరికి అతని చేయి తనంతట తనే పెన్సిల్ వెతుక్కుంటుంది. నిచ్చెన మెట్టు లావైనా నిచ్చెనే. ముక్కు లావైతే ఆ మనిషి మారిపోతారు. లోపలి నుంచి నింపుకుంటూ పోతే ముఖం ఎక్కడ ఆగాలో ఇంకా అతనికి తెలియలేదు, నాకూ తెలియదు. చేరడానికి వెళ్లేముందు ఒక రేకు తెచ్చి చూపించాడు. వాళ్లమ్మ కూర్చుని ఉంది. పూల చీర అంతా వచ్చింది, ఒళ్లో చేతులు వచ్చాయి, మెడ దాకా వచ్చింది. మెడ పైన ప్రైమర్ ఎరుపు అలాగే ఉంది. దాని మీద పెన్సిల్ గీత కోసం రేకుని వెలుతురుకి తిప్పి చూశాను. లేదు.